ప్లాస్టిక్ కంచె, పన్నెండు మూరలు

ఊరికే ఇచ్చేవాడిని నేను నమ్మను. "నడుమ కంచె నేనే పెట్టిస్త వదినె, నువ్వు ఫికర్ చెయ్యకు" అని మా మరిది అన్ననాడు నాకు అన్నం సయించలేదు.

ఆయన ఇల్లు, నా ఇల్లు పక్కపక్కనే. రెండు వాకిళ్ళ నడుమ ముళ్ళకంప ఉండేది. ఏటా వానలకు ముందు నా భర్త తుమ్మకంప కొట్టుకొచ్చి కొత్తగా వేసేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. కంప కుళ్ళి నేలకంటింది. ఊళ్ళో మేకలన్నీ నా బీరపాదు మీదే. ఇవన్నీ చూస్తూ మూడేళ్ళు ఊరుకున్న మనిషి ఇప్పుడెందుకు లేచాడు? కొత్తిమీర అడిగితే రెండు కాడలు తెంపిచ్చే ఇల్లు అది.

పైగా అది మామూలు కంచె కాదు, తెల్లటి ప్లాస్టిక్ కంచె. కల్వకుర్తిలో ఎవరింటికో పెడితే చూసి వచ్చాడట. చెద పట్టదు, తుప్పు పట్టదు, రంగు వెయ్యక్కర్లేదు. "ఒక్కసారి పాతితే మన తరం దాటుతది" అన్నాడు. ఆ మాటే నన్ను గుచ్చింది. కంప వంకరపోతే మరుసటేడు సరిచేసుకోవచ్చు. ఇది సిమెంటులో పాతేది. జరిగిందంటే జరిగినట్టే.

"నడుమ చిన్న గేటు గూడ పెట్టిస్త" అన్నాడు.

"గేటెందుకు?"

"ఉండనియ్యి. అటిటు మసలనీకె."

మూడేళ్ళలో ఒక్కసారి ఇటు మసలని మనిషికి గేటెందుకో!

నాకు సంతకం తప్ప రాయడం రాదు గానీ మూర వెయ్యడం వచ్చు. మంచాన పడ్డప్పుడు నా భర్త పదేపదే చెప్పాడు: "గోడకాన్నుంచి హద్దురాయి దాంక పన్నెండు మూరలు. యాది పెట్టుకో. నేను పోయినంక ఎవడన్న జరుపుతడు." చేనుకైతే కొత్త పాస్‌బుక్కు వచ్చింది. ఇంటి జాగాకు ఆ రాయే సాక్షి. వెనక చివర ఇంత పెద్ద రాతిగుండు ఉంది, దాన్ని ఎవరూ జరపలేరు. జరిపితే వీధి వైపు రాయినే జరపాలి. ఆ రాయికి మూరెడు ఇవతల నా కరివేపాకు చెట్టు. నా భర్త తన చేత్తో పెట్టింది. జాగా మూరెడు పోయిందంటే చెట్టూ పోతుంది. అందుకే రోజూ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ వంగి మూరలు వేసేదాన్ని. పన్నెండే వచ్చేవి. అయినా నా గుబులు పోలేదు.

మేస్త్రి బండి నిండా గుంజలు తెచ్చాడు. ఒకదాన్ని కొట్టి చూస్తే బోలుగా మోగింది.

"లోపలేం లేదేమయ్యా?"

"అట్లనే ఉంటయి పెద్దమ్మ. కింద సిమెంటు పట్టుకుంటది."

లోపలేం లేనిది నిలబడుతుందట. సరే అని పీట వేసుకుని రాయి పక్కనే కూర్చున్నాను. వాళ్ళు గుండు నుంచి రాయి దాకా దారం కట్టారు. మొదటి గుంజ సరిగ్గా రాయి ఉన్నచోటే రావాలి, రాయి తియ్యాలి అన్నాడు మేస్త్రి.

"తీస్తే బొగ్గులు చూపిచ్చి తియ్యాలె" అన్నాను.

మా దగ్గర హద్దురాయి పాతేటప్పుడు గుంతలో బొగ్గులు, ఊక పోస్తారు. రాయిని దొంగతనంగా జరపొచ్చు గానీ బొగ్గుల్ని జరపాలని ఎవడికీ తట్టదు. భాగాలు పంచిననాడు మా మామ పోయించిన బొగ్గులు నా పొయ్యిలోవే. గంపకెత్తి ఇచ్చింది నేనే.

మరిది ముఖం మాడిపోయింది. "బొగ్గులెందుకిప్పుడు? రాయిని ముట్టొద్దు. పక్కకే పాతుదం."

అంతే, నాకు దొరికిపోయాడు అనుకున్నాను. "తవ్వు!" అని అరిచాను. మేస్త్రి రాయి పీకి తవ్వాడు. ఎర్రమన్ను తప్ప బొగ్గు నలుసు లేదు. రోజూ పన్నెండు మూరలూ సరిగ్గా వస్తున్న సంగతే ఆ కోపంలో మరిచిపోయాను.

"జరిపినవ్! అన్న పోంగనే జరిపినవ్!"

తోడికోడలు గడపలోకి వచ్చింది. "అక్కా, నోరు మంచిగుండనియ్యి."

"నీ మొగని చెయ్యి మంచిగుంటే నా నోరు మంచిగనే ఉంటది!"

రాయి నా వైపు జరిగిందంటే పాత గుంత వాళ్ళ వైపు ఉండాలి కదా. అక్కడ తవ్వించాను. గడ్డపార ఖంగుమంది. "పెద్దమ్మ, ఇది ముట్టని మొరం. ఎన్నడు ఎవలు తవ్వలే" అని మేస్త్రి చెమట తుడుచుకున్నాడు. మరిది అడ్డం వచ్చి "ఇంక చాలు వదినె, ఇడిశిపెట్టు" అన్నాడు. నేను వదిలే రకమా? మేస్త్రి విసిగి ఇటు తిరిగి, నా చెట్టు మొదట్లో గడ్డపార దించాడు. మెత్తగా దిగింది. పైకి నల్లగా వచ్చింది.

బొగ్గులు. ఊక. కరివేపాకు వేళ్ళు వాటిని చుట్టుకుని ఉన్నాయి.

జరిపింది నా భర్త. జరిపి, పాత గుంత కనబడకుండా దానిమీద చెట్టు పెట్టాడు. పెట్టి, పన్నెండు మూరలని నాకు పాఠం చెప్పాడు.

"నీకు తెలుసా?" అని మరిదిని అడిగాను.

"జరిపిన యాడాదే చూసిన."

"చెప్పకపోతివి?"

"చెప్తె పంచాయితైతుండె. అన్న పెద్దోడు. రాయికాడనే కంచె పాతిస్తె నా తర్వాత నా పోరగాళ్ళు తవ్వకుంట ఉంటరనుకున్న. నువ్వే తవ్విస్తివి."

ఆయన ముఖంలో వెతికాను. ఇందులో ఇంకేమైనా ఉందా అని. దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా అనిపించింది.

"సిమెంటు కలిపిన, గట్టిపడుతాంది. యాడ పెట్టాల్నో జర చెప్పుండ్రి" అన్నాడు మేస్త్రి.

"రాయికాడనే" అన్నాడు మరిది.

"చెట్టుకు ఇవతల" అన్నాను నేను.

"చెట్టు నీది గద వదినె?"

"చెట్టు నాదే. జాగా నీది."

"మరి ఆకెట్ల తెంపుతవ్?"

"గేటు పెట్టిస్తనంటివి గద. చెట్టుకాడనే పెట్టు."

సిమెంటు ఆరాక మూడోనాడు గేటు బిగించారు. గొళ్ళెం ఏ వైపు అని మేస్త్రి అడిగితే, వదినె వైపే అన్నాడు మరిది. ఇప్పుడు రోజూ పొద్దున గొళ్ళెం తీసి వెళ్ళి రెండు రెబ్బలు తెంపుకొస్తాను. "లేత ఆకు ఇడువక్కా, చెట్టు ఎదగాలె" అంటుంది తోడికోడలు గడపలోంచి. ఎన్ని రెబ్బలో లెక్కపెడుతుందని నాకు తెలుసు.

వాకిలి ఊడుస్తూ ఇప్పటికీ మూరలు వేస్తాను. పదకొండు. ఊడవడం అయ్యాక లోపలికి వెళ్ళి ఆయన ఫోటో ముందు దీపం పెడతాను. పెట్టి, రోజూ ఒకటే అడుగుతాను.

"ఇంకేమేం జరిపినవయ్యా?"