గోడమన్ను

మధ్య ఆసియాలో అమూ నది నీళ్లు అందే చివరి కాలువ కింద ఉంది ఆ ఊరు. అక్కడ సర్బినాజ్ తోటకి పేరుంది, సర్బినాజ్ నోటికి అంతకన్నా పెద్ద పేరుంది. పత్తి చేల మీద విమానాలు మందు చల్లే రోజుల్లో ఆవిడ పెరట్లో నిలబడి, పార పైకెత్తి మరీ ఆకాశాన్ని తిట్టేది. ఆ తిట్లు విమానంలో ఉన్నవాడికి వినపడ్డాయో లేదో గానీ, ఊళ్లో పెద్దలకి బాగానే వినపడ్డాయి. మందు బస్తా ఒక్కటి కూడా ఆవిడ గడప దాటి లోపలికి రాలేదు. ఆవు పెంట, కాలువలో తీసిన ఒండ్రు, కుళ్లిన మల్బరీ ఆకు, ఇవే ఆ నేలకి తిండి. పార వేస్తే వానపాములు పొర్లేవి, వాటి కోసం తలమీద కుచ్చున్న కూకుడుగువ్వలు దిగేవి, మడుల్లో కప్పలు అరిచేవి.

మట్టి మంచిచెడ్డలు ఆవిడ నాలుకతో చెప్పేది. చిటికెడు నోట్లో వేసుకుని, "దీనికి ఆకలేస్తోంది, పెంట వెయ్యి" అనో, "చవుడిది, గాడిద పొర్లడానికి తప్ప పనికిరాదు" అనో తేల్చేసేది. ఊళ్లో ఎవరు మొక్క పాతాలన్నా ముందు ఇంత మట్టి మూట కట్టుకుని ఆవిడ గుమ్మం ఎక్కాల్సిందే.

ఆ తోటకి ప్రాణం మాత్రం ఖర్బూజా. తల్లి చేతి నుంచి వచ్చిన విత్తనం. కాయని రెల్లుతో అల్లిన ఉట్టిలో పెట్టి దూలానికి వేలాడదీస్తే చలికాలమంతా చెక్కుచెదరదు. మంచు కరిగే వేళకి కోస్తే ఇల్లంతా వాసన. ఆ విత్తనం ఆవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. పదహారేళ్ల కిందట కజకిస్తాన్ వెళ్లిపోయిన చెల్లెలు ఆర్జిగుల్ రెండేళ్ల కిందట సగం పంపమని కబురు పెట్టింది. "నేలని వదిలి పోయినవాళ్లకి నేల విత్తనం దేనికి?" అని సర్బినాజ్ ఆ కబురు తెచ్చిన బస్సు డ్రైవర్నే దులిపేసింది. విత్తనాలు పంపలేదు.

ఆ తర్వాత కాలువ మొండికేసింది. చలికాలంలో చేను నిండా నీళ్లు కట్టి నేలలో ఉప్పుచవుడు కడగాలి, ఆ నీళ్లే రాలేదు. రెండు పంటలు పోయాయి. చిన్న సొరబుర్రలో గుప్పెడు విత్తనాలు మిగిలాయి. అవీ ముసలివైపోయాయి, ఈ ఏడు వేయకపోతే ఇక మొలవవు. నేల చూస్తే నీరసంగా ఉంది.

నీరసించిన నేలకి పాత మట్టిగోడలు పడగొట్టి ఆ మన్ను వేయడం అక్కడ తాతల నాటి పద్ధతి. ఆవిడ దగ్గర మిగిలిన పాత గోడ ఒక్కటే. చనిపోయిన మొగుడు తోరెబాయ్ కట్టిన ముందుగది గోడ. నాలుగు రోజులు దాని చుట్టూ తిరిగి, అయిదో రోజు పక్కింటి ఓతెగెన్‌ని గునపం తెమ్మంది.

"అక్కా, ఒక్కమాట," అన్నాడు ఓతెగెన్ గోడ అడుగున గీరుతూ. "ఇక్కడ తెల్లగా పొంగింది చూశావా? చవుడు పాకకుండా కింద వేసిన రెల్లు కుళ్లిపోయినట్టుంది."

సర్బినాజ్ మట్టి చిదిమి నాలుక మీద వేసుకుంది. "కమ్మగా ఉంది. నీకు గునపం ఎత్తడానికి బద్ధకం, అది చెప్పు."

"నీ నాలుక మీద మాట్లాడేంత మొనగాణ్ణా నేను!" అని అతను గోడ పడగొట్టాడు.

ఆ మన్ను ప్రతి పాదులోనూ పోసి, ఉన్న విత్తనాలన్నీ నాటింది. మొలకలు రాగానే ఓతెగెన్ ఇంటికి వేడి రొట్టెలు పంపింది. రెండో వారానికి ఆకుల అంచులు మాడాయి. మూడో వారానికి ఒక్క మొక్క మిగల్లేదు. గాలి అంది, పురుగు అంది, ముసలి విత్తనం అంది. మన్ను మాట మాత్రం ఆవిడకి తట్టనే లేదు.

జూన్‌లో ఆర్జిగుల్ చెప్పాపెట్టకుండా బస్సు దిగింది. అక్క ఆమెకీ, పలకరించడానికి వచ్చిన ఓతెగెన్‌కీ పాలు పోసి టీ ఇచ్చింది. ఆర్జిగుల్ ఒక గుక్క తాగి గిన్నె దూరం పెట్టింది.

"పంచదారనుకుని ఉప్పేశావా అక్కా?"

"ఊరు మారేసరికి నోరు కూడా మారిందా? నా టీలో ఉప్పెక్కడిదే?"

"నవ్వులాటకి కాదు. గొంతు దిగట్లేదు."

ఓతెగెన్ తన గిన్నె ఖాళీ చేసి, "బాగానే ఉందిగా," అన్నాడు.

సర్బినాజ్ తన గిన్నెలోది మళ్లీ తాగి చూసింది. టీలాగే ఉంది. అప్పుడు ఆవిడకి భయం వేసింది. తోటలోకి వెళ్లి చచ్చిన పాదులోంచి మట్టిబెడ్డ తెచ్చింది.

"నోరు తెరు."

"పిచ్చా నీకు?"

"తెరవవే!"

ఆర్జిగుల్ నాలుక ఆనించి తుపుక్కున ఉమ్మేసింది. "ఉప్పు. ఉత్త ఉప్పు. నీకు తెలియట్లేదా అక్కా?"

తెలియలేదు. ఊరంతా తాగే బావి నీళ్లు ఏటా కాస్త ఉప్పెక్కుతుంటే, తాగిన నాలుక ఏటా కాస్త సర్దుకుంది. ఎప్పటి నుంచో! ఇన్నేళ్లూ గుమ్మం ముందు మూటలు విప్పిన వాళ్లందరికీ ఏం చెప్పి పంపిందో! కిందటేడు ఆవిడ మాట మీద ఓతెగెన్ నాటిన ఆప్రికాట్ మొక్కలు కట్టెలై నిలబడ్డాయి. అతను తల తిప్పుకుని, పనుందని లేచి వెళ్లిపోయాడు.

"విత్తనాలడుగుదామనే వచ్చా," అంది ఆర్జిగుల్ మెల్లగా. "ఈసారైనా ఇస్తావేమోనని."

సర్బినాజ్ సొరబుర్ర తెచ్చి చెల్లెలి అరచేతిలో బోర్లించింది. కాస్త దుమ్ము రాలింది. సిగ్గుతో ఆవిడ తల ఎత్తలేకపోయింది. అడిగిన రోజున సగం పంపి ఉంటే అమ్మ ఖర్బూజా ఎక్కడో ఒకచోట కాస్తూ ఉండేది.

తర్వాత ఇద్దరూ మడి మడికీ తిరిగారు. అక్క మట్టి తీసివ్వడం, చెల్లెలు నాలుక ఆనించి ఉమ్మడం.

"ఇది?"

"ఉప్పే."

"ఇదీ?"

"ఇదీ అంతే అక్కా."

చివరికి మల్బరీ కింద, నలభై ఏళ్లుగా ఆకూ పెంటా కుళ్లిన ఉల్లిమడి మిగిలింది. ఆర్జిగుల్ ఆ మట్టిని చాలాసేపు నోట్లో ఉంచుకుంది.

"ఇందులో కొంచెం తక్కువ."

"నా కోసం అబద్ధాలాడకు."

"కొంచెమే తక్కువక్కా."

సర్బినాజ్ అదే మడిలోంచి చిటికెడు తీసి తన నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుని ఆగింది. ఆవిడకి ఏమీ తెలియలేదు.