పిల్ల వద్దన్న పక్క

డుమస్ బీచ్ నుంచి వస్తుంటే సిగ్నల్ దగ్గర ఒకామె ఆటోలోకి మల్లెదండ చాపి, "మోగ్రా, బెన్" అంది, మల్లెలు తీసుకో అక్కా అన్నట్టు. వాసన తగలగానే ముఖం తిప్పుకున్నాను. మల్లెలంటే అందరికీ జడ గుర్తొస్తుంది. నాకు మాత్రం రాజక్క గుర్తొస్తుంది.

మావారికి బ్యాంకులో బదిలీ అయి సూరత్ వచ్చినప్పుడు నేను కడుపుతో ఉన్నాను. పలకరించే దిక్కు లేదు. కింది వాటాలో రాజక్క ఉండేది. కరీంనగర్ వైపు మనిషి. భర్త దగ్గర్లోని పల్సానాలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని మెట్లెక్కి వచ్చింది. "ఒక్కదానివే కూసుంటే పిచ్చి లేస్తది చెల్లె. జర కిందికి రా" అంది. అప్పటినుంచి నా పగళ్లన్నీ ఆమె గడపలోనే గడిచాయి.

ఆమె చంటిపిల్ల ఎడమ పక్క పాలు తాగేది కాదు. నోరు పెట్టినట్టే పెట్టి తల తిప్పేసేది. అక్కడ ఒక గడ్డ ఉంది. పాలు గడ్డకట్టాయి, కాపడం పెట్టమని ఊళ్లో ఉన్న ఆమె అత్త ఫోన్లో చెప్పింది. ఎంత కాపడం పెట్టినా అది కరగలేదు. చివరికి ఆస్పత్రిలో ముక్క తీసి పరీక్షించి క్యాన్సర్ అన్నారు. మందులు మొదలుపెట్టాలంటే పిల్లకు పాలు మాన్పించాలన్నారు. రాజక్క తన ప్రాణం గురించి ఒక్క మాటా అడగలేదు.

"కుడి పక్క మంచిగనే తాగుతది గద చెల్లె. గదన్న ఇయ్యొద్దా?" అని ఆస్పత్రి నుంచి వస్తూ దారంతా నన్నే అడిగింది.

పాలు ఆగడానికి డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంది. ఊరి పద్ధతి ప్రకారం రొమ్ములకు మల్లెపూలు కూడా కట్టించుకుంది. కట్టింది నేనే. పక్కగదిలో పిల్ల ఏడ్చినప్పుడల్లా పాలు వచ్చి పూలు తడిసిపోయేవి.

"తలల పెట్టుకునేటియి ఏడ పెట్టుకున్ననో చూడు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పిల్లను ఎత్తుకుని, ఏడుపు వినిపించనంత దూరం తీసుకుపోయాను.

మందులకు ఆమె జుట్టు రాలిపోయింది. తర్వాత ఎడమ రొమ్ము తీసేశారు. అప్పటికి నాకు బాబు పుట్టాడు. ఆమె ముందు పాలివ్వడానికి నాకు ప్రాణం ఒప్పేది కాదు.

"నా మొకం చూసి ఆగకు. రెండు పక్కల ఇయ్యి. ఏ పక్కనన్న వద్దంటే మాత్రం ఊకోకు, చూపించుకో" అంది.

ఒక మధ్యాహ్నం నేను కిందికి వెళ్లేసరికి ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. కోసిన చోటు అప్పటికి మానింది. పిల్ల సరిగ్గా ఆ ఎడమ పక్కనే చెంప ఆనించి నిద్రపోతోంది.

"పాలున్నప్పుడు వద్దన్నది. ఇప్పుడేమో ఈడనే పండుతది" అంది రాజక్క, కదలకుండా. "మెల్లగ మాట్లాడు, లేస్తది."

ఆ వేసవిలో వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. కొన్నాళ్లు ఆమె ఫోన్ చేసేది. చివరిసారి ఆమె నంబరు నుంచి భర్త చేశాడు. ఆ రోజు ఆమె గురించి చెప్పుకుని ఏడుద్దామంటే, ఈ ఊళ్లో ఆమెను నాలా ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

స్నానం చేసేటప్పుడు ఇప్పటికీ ముందు ఎడమ పక్కే తడిమి చూసుకుంటాను. ఏమీ లేదని తెలిశాక కూడా చెయ్యి కాసేపు అక్కడే ఉంటుంది.