అత్త తాళం, నా ఫోను

మా మేనత్త విజయనగరంలో ఆడపిల్లలకి సంగీతం చెబుతుంది. డెబ్బై దాటాయి, ఒంటరిగా ఉంటుంది, పోయినేడు ఒకసారి కళ్లు తిరిగి పడింది. అప్పట్నుంచీ శ్రీకాకుళం వచ్చి నా దగ్గర ఉండమని నేను, నా పిల్లల పాఠాలు ఏటవుతాయని ఆవిడ. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. నేను కొన్న చేతి గడియారం పెట్టుకుంటే అక్కడే ఉండొచ్చు. తీసిందా, మర్నాడే మూటాముల్లె సర్దుకోవాలి.

మనిషి పడితే ఆ గడియారం కనిపెట్టి నా ఫోనుకి కబురంపుతుంది. పడకపోయినా పడ్డారనుకుంటే, దాని మీదున్న ఒకే ఒక్క బొత్తాం నొక్కాలి. నేను బాగానే ఉన్నానని దానర్థం. బాగోలేనని చెప్పడానికి మాత్రం బొత్తాం లేదు. చవగ్గా వస్తోందని ఎగబడి కొన్నదాన్ని నేనే, ఇంకెవర్నని ఏం లాభం!

మొదటి రోజే నా ఫోను గగ్గోలు పెట్టింది. ఆఫీసులోంచి అత్త పక్కింటావిడకి ఫోన్ చేస్తే, పాపం చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా పరిగెత్తింది. తీరా చూస్తే అత్త చాప మీద బాసింపట్టు వేసుకుని, పిల్లల చేత సరళీ స్వరాలు పాడిస్తూ, తొడ మీద ఫెడీఫెడీమని తాళం వేస్తోంది. ఆ దెబ్బలకి ఎవరో కూలిపోయారని గడియారం హడలిపోయింది.

"బొత్తాం నొక్కొచ్చు కదత్తా?" అన్నాను ఫోన్లో.

"పాట మజ్జిలో తాళం ఆపీమంటావేటే? పిల్లలు ఏటి నేర్సుకుంటారు?"

రోజూ ఇదే తంతు. వారం తిరిగేసరికి పక్కింటావిడకి జంట స్వరాలు వచ్చేశాయి, నా మీద కోపం కూడా వచ్చింది.

అందుకని గడియారం ఎడమ చేతికి మార్పించాను. తాళం కుడి చేత్తోనే వెయ్యాలని అత్త పట్టు. ఏ పిల్లయినా ఎడమ చెయ్యి ఎత్తితే, ఆ పూటంతా గోడ వైపు తిరిగి పాడాల్సిందే. నాది ఎడమచేతి వాటం కాబట్టి, చిన్నప్పుడు ఆ గోడని నేను చూసినంతగా ఇంకెవరూ చూసుండరు. ఫోను నోరు మూసుకుంది.

ఒక మధ్యాహ్నం మళ్లీ మోగింది. ఆపితే ఇంకోసారి, మళ్లీ ఇంకోసారి. ఈవిడ మళ్లీ మొదలెట్టిందని ఒళ్లు మండి, ఫోను బోర్లా పెట్టబోయి ఆగిపోయాను. గడియారం ఉన్నది ఎడమ చేతికి. మా అత్త చచ్చినా ఎడమ చేత్తో తాళం వెయ్యదు! పక్కింటావిడకి ఫోన్ చేసి, దొరికిన బస్సెక్కేశాను.

నేను వెళ్లేసరికి అత్త మంచం మీదుంది, వాచిన మడమ తలగడ మీదుంది. స్నానాల గదిలో కాలు మడతపడి, కుడి చేత్తో కుళాయి పట్టుకుని మెల్లగా జారి కూలబడిందట. అంత నెమ్మదిగా పడేసరికి గడియారం ఉలకలేదు, పలకలేదు. అప్పుడు ఎడమ చేత్తో తొడ మీద కొట్టడం మొదలెట్టిందట.

"గట్టిగా అరవొచ్చు కదత్తా!"

"అరిస్తే గొంతు పోదేటే? సాయంత్రం పాఠం ఉన్నాది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూటాముల్లె మాట ఎత్తుదామనుకుంటూండగా, గుమ్మంలో పిల్లల చెప్పుల చప్పుడైంది. అత్త గభాల్న నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"ఒసే, నువ్వు రమ్మంటే మీ ఇంటికి వస్తానే. ఎడం సేత్తో తాళం ఏసినానని మాత్రం పిల్లలకి సెప్పకు."