తీసేశానన్న ప్రోగ్రాం

మనోజ్ఞకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. గన్నవరం దాటాక రోడ్డు పక్కనున్న ఆ లారీల కాటాలో పనిచేసే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఎం.సి.ఏ. చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, పెళ్లయ్యాక మామగారు తిరుపతిరావు కాటా తనే చూసుకుంటోంది. బండి ఎక్కగానే బరువు చూపించే ప్రోగ్రాం ఆవిడ పెట్టిందే. లైనక్సు కంప్యూటరు కొని, ప్రోగ్రాం రాసిన అసలు పాఠం, అంటే సోర్సు తెచ్చుకుని, కంప్యూటరు నడపగలిగేలా స్వయంగా కంపైల్ చేసి మరీ పెట్టింది. తన కాటాలో తూగిన బరువుకి తిరుగులేదని ఆవిడకి కాస్త గర్వం కూడా. ఉండనివ్వండి, ఎవరి సొమ్ము పోయింది.

ఆ రోజు కోతల హడావిడి. ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు దాకా బారు తీరాయి. మనోజ్ఞ పటమటలో పని చూసుకుని వచ్చేసరికి కాటా గది మెట్ల మీద పద్మావతమ్మ కూర్చుని ఉంది. కౌలు సేద్యం ఆవిడది. నారుమడి దగ్గర్నించి బస్తాల దాకా అన్నీ ఒంటిచేత్తో చూసుకునే మనిషి.

"బస్తాలు దగ్గరుండి ఎత్తించానమ్మా. మీ కాటాలో తక్కువొచ్చింది. ఇదేంటని అడిగితే, దారిలో బస్తాలు దించుకుని నా మీద పడతావా అన్నాడు మీ మావగారు. ఇంతమందిలో అన్నాడు."

"మా కాటా అబద్ధం చెప్పదు," అన్నాడు తిరుపతిరావు లోపల్నించి. "పొద్దున్నించీ ఇంతమంది తూయించుకున్నారు. ఎవరికీ రాని అనుమానం ఆవిడకే వచ్చింది."

మనోజ్ఞ కంప్యూటరు తెర చూసింది. మూలనున్న వెర్షన్ నంబరు పాతది. ఒళ్లు భగ్గుమంది.

వేసవిలో కాటా కింద బరువు పసిగట్టే లోడ్ సెల్స్ మార్చారు. వాటికి తగ్గట్టు ఆవిడ కొత్త వెర్షన్ కంపైల్ చేసి వేరే చోట పెట్టింది. కొత్తది కుదురుకున్నాక పాతది తీద్దామనుకుంది. ఈలోగా దసరా వచ్చిపడింది. ఆయుధపూజకి కాటా కడిగారు, గుమ్మడికాయ తెచ్చారు, మరిది బాబీ కంప్యూటరు తుడిచి బొట్టు పెట్టాడు. పైపైన తుడిస్తే అమ్మవారు ఒప్పుకోదనుకున్నాడో ఏమో, లోపల కూడా శుభ్రం చేశాడు. పాత సోర్సు ఫోల్డరు కనబడితే దాన్ని లేపేసి, "పాతది తీసేశాను వదినా" అన్నాడు. పండగ పనుల్లో ఉన్న మనోజ్ఞ సరేనంది. ఎందుకు సరేనన్నానా అని ఇప్పుడు తన మీద తనకే మండింది.

ఆ ఫోల్డరు వంటిల్లు లాంటిది. ఇన్‌స్టాల్ చేసినప్పుడే వండినవన్నీ సిస్టంలో నాలుగు చోట్లకీ వడ్డించేసినట్టే. వంటింటికి తాళం వేసినంత మాత్రాన విస్తట్లో అన్నం మాయం కాదు. పైగా వడ్డించినవి వెనక్కి తీయాలన్నా ఆ ఫోల్డరే కావాలి. పొద్దున్నే కరెంటు పోయి, దసరా తర్వాత మొదటిసారి సిస్టం ఆగి మళ్లీ లేచింది. కొత్తదాన్ని మనోజ్ఞ చేత్తో నడిపిస్తూ వచ్చింది గాని, లేవగానే దానంతటది నడిచేది పాతదే. పాత లెక్కలతో కొత్త సెల్స్‌ని చదివి, అది బరువు తక్కువ చూపించింది.

"కాటా ఆపండి," అంది మెల్లగా.

"కోతల్లో కాటా ఆపడమేంటమ్మా, మతి ఉండే అంటున్నావా?"

"అబద్ధం తూచేకంటే ఆపడం నయం మావయ్యగారూ."

బాబీ తల గోక్కున్నాడు. "ప్రోగ్రాం పేరు కొట్టి వెతికి, వచ్చినవన్నీ లేపేద్దాం వదినా."

"దసరాకి లేపావు, చాల్లేదా? వాటిలో కొత్తదానివీ ఉంటాయి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు చేస్తే ఉన్నదీ పోతుంది."

అదే పాత వెర్షన్ సోర్సు మళ్లీ దింపి, అప్పటి ఆప్షన్లతోనే కంపైల్ చేసింది. సిస్టంలోకి పోనివ్వకుండా ఓ ఖాళీ ఫోల్డరులోకి ఇన్‌స్టాల్ చేయించింది. పాతది ఏ ఫైలు ఎక్కడ పెడుతుందో అక్కడ తేటతెల్లమైంది. అవే ఫైళ్లు సిస్టంలో ఎక్కడున్నాయో సరిచూసుకుంటూ ఒక్కొక్కటే తీసింది. లేవగానే కొత్తదే నడిచేలా సెట్టింగు మార్చింది. బయట హారన్లు మోగుతున్నా తల తిప్పలేదు. సిస్టం ఆపి లేపితే కొత్తదే వచ్చింది. వేరే కాటాలో తూచి ఉంచిన సొంత ట్రాక్టరు ఎక్కిస్తే బరువు సరిపోయింది.

తిరుపతిరావు ఊపిరి పీల్చుకున్నాడు. "అయిందేదో అయింది. పొద్దుటి సంగతి బయట అనకమ్మా, కాటా పరువు పోతుంది."

మనోజ్ఞకి అసలు కోపం అప్పుడొచ్చింది. బాబీ తెలియక చేశాడు. ఈ పెద్దమనిషి తెలిసి దాద్దామంటున్నాడు.

"పొద్దున్న తూయించుకున్న వాళ్లందరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను. తేడా మనం భరిద్దాం. ఆవిణ్ని మాత్రం దొంగన్నారు. అది అన్నవాళ్లే వెనక్కి తీసుకోవాలి. అంతవరకూ కాటా నడవదు," అంది. గొంతు దాదాపు వినబడలేదు.

తిరుపతిరావు మొహం జేవురించింది. కోడలి వంక చూశాడు, బారు తీరిన ట్రాక్టర్ల వంక చూశాడు. చెప్పులేసుకుని మెట్లు దిగి పద్మావతమ్మ ముందు నిలబడ్డాడు.

"తప్పు మా కాటాదమ్మా," అన్నాడు, అందరికీ వినబడేలాగే.

పద్మావతమ్మ మెట్టు మీంచి లేవలేదు.

"కాటా నన్నేమీ అనలేదయ్యా. అన్నది నువ్వు."

గదిలో మనోజ్ఞ తూకం ఇంకా మొదలుపెట్టలేదు.