వెనుక గుమ్మం దాకా ఒక గిటారు

2024 ఆగస్టు 18, ఆదివారం, ఉదయం 6 గంటల 10 నిమిషాలు. చిల్లకూరు ప్రార్థనా మందిరంలో ఆరాధనకు ఇంకా రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. హెబ్రోను వేదిక ముందు కుర్చీలో, ఒళ్లో కొత్త గిటారుతో కూర్చున్నాడు. గిటారు కొత్తదే గాని తీరు పాతది. మైకులు అరుదుగా ఉన్న రోజుల నమూనా చూసి చెన్నైలో ఒక పనివాడు నిరుడు తయారు చేశాడు. పైచెక్క బల్లపరుపుగా ఉండదు. వయొలిన్‌కు మల్లే మధ్యలో ఉబ్బి ఉంటుంది. గుండ్రని రంధ్రానికి బదులు అటొకటి, ఇటొకటి వంపు తిరిగిన చీలికలు. పది రోజులు వాయించి చూసి, నచ్చకపోతే తిప్పి పంపవచ్చునన్నది ఒప్పందం. ఇది పదో రోజు. సాయంత్రం నాలుగింటికి పార్సిలు వ్యాను వస్తుంది.

హెబ్రోనుకు నలభై ఆరేళ్లు. కృష్ణపట్నంలో ఒక విద్యుత్కేంద్రంలో ప్రెషర్ గేజీలను సరిచూడటం అతని ఉద్యోగం. కొలవని సంగతి గురించి మాట్లాడడు. ఈ మందిరంలో ఇరవై ఒక్క ఏళ్లుగా గిటారు వాయిస్తున్నాడు. చిన్నప్పుడు అతనికి పాటలు నేర్పింది ఎలిశబెతు అవ్వ. ఇప్పుడామెకు ఎనభై ఒకటి. వెనుక గుమ్మం పక్కన, గాలి తగిలే చోట కూర్చుంటుంది. ఈస్టరు నుంచి ఆమె పాడటం మానేసింది.

"నీ గిటారు నా దాకా రావడంలేదబ్బయా. తాళం తెలీకుండా ఎట్ట పాడేది?" అన్నది.

దగ్గరలో స్పీకరు పెడితే, చెవిలో ఈల వేసినట్టుందని తీయించేసింది. ఆమె కోసమే హెబ్రోను ఈ గిటారు తెప్పించాడు.

పది రోజులుగా పరీక్షిస్తూనే ఉన్నాడు. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లు. మెడ తిన్నగా ఉంది. ఉప్పుగాలికి శ్రుతి సడలలేదు. స్వరం తేటగా, కొంచెం పొడిగా ఉంది. మీటగానే పుట్టి త్వరగా ఆగుతుంది. ధ్వని మీటరు మాత్రం ఒప్పుకోవడం లేదు. పాత గిటారుకు 84 డెసిబెల్స్ చూపినది దీనికి 81 దగ్గరే ఆగిపోతోంది.

"మూడు తక్కువ," అంటూ అతను తిప్పి పంపేందుకు గిటారు పెట్టె మూత తెరిచాడు.

చాపలు పరుస్తున్న భార్య అబిగయీలు తలెత్తింది. "ఆ మీటరు యాడ పెట్టి చూసినావు?"

"మోకాలి మీద. పది రోజులూ ఒకే చోట. లేకుంటే పోల్చేదానికి కుదరదు."

"అవ్వ వచ్చి నీ మోకాలి మీద కూసుంటుందా?"

పంపు దగ్గరి పీడనం చూసి, చివరి గొట్టానికి నీరందిందని రాయకూడదని ప్లాంటులో ఏటా కొత్తవాళ్లకు పాఠం చెప్పేది హెబ్రోనే. చెవులు ఎర్రబడ్డాయి. మీటరు తీసి ఆమె చేతికిచ్చాడు.

అప్పటికి ఎలిశబెతు అవ్వ వచ్చి తన చోట కూర్చుంది. అందరికంటే ముందు రావడం ఆమె అలవాటు. అబిగయీలు మీటరుతో ఆమె పక్కకు చేరింది. ముందు పాత గిటారు: ఒకే స్వరగుచ్ఛం, ఒకే బలంతో నాలుగు మీట్లు.

"యాభై తొమ్మిది!"

"ఏందే, పొద్దన్నే అరస్తుండావు?" అన్నది అవ్వ, కళ్లజోడు తుడుచుకుంటూ.

తరువాత కొత్తది. నాలుగు మీట్లతో ఆపవలసినవాడు, చేయి ఊరుకోక, అవ్వ తనకు మొట్టమొదట నేర్పిన పాట ఎత్తుకున్నాడు. కళ్లజోడు తుడుస్తున్న చేయి ఆగింది. మరుక్షణం మోకాలి మీద తాళం పడింది. రెండో చరణానికి గొంతు కలిసింది. బొంగురుగా, సరిగ్గా తాళంలో.

"మీటరు చూడు!" అని కేక వేశాడు హెబ్రోను.

"ఉండయ్యా, అవ్వ పాడతా ఉండాది!"

పాట అయ్యాక అవ్వ బోసినోటితో నవ్వింది. "నాకే చెవుడనుకున్నా. నీ పాతదానికే నోరు లేదబ్బయా! దీన్ని మళ్లా పెట్టెలో కుక్కినావంటే ఊరుకోను."

హెబ్రోను పార్సిలు వ్యాను డ్రైవరుకు ఫోను చేసి, రావద్దని చెప్పాడు. ఆ పైన మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకా ఏందయ్యా కొలిచేది?" అన్నది అబిగయీలు నవ్వుతూ.

"రాసుకోవద్దా?"

నాలుగు మీట్లు మీటాడు. అబిగయీలు మీటరును అవ్వ చెవి పక్కన పట్టుకుని, అంకె చదివింది.

66.