ఫ్రెంచి కోటలో ఎంగిలి సమస్య

వైటూకే గండం గడిచి, లోకంలో ఏ కంప్యూటరూ పేలలేదని అందరూ కాస్త నిరాశపడిన మరుసటి ఏడాది, సింగపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను ప్రాజెక్ట్ లీడర్‌గా వేసింది. అదేదో పెద్ద హోదా అనుకునేరు. పైవాళ్లూ కిందివాళ్లూ చేసిన తప్పులన్నిటికీ తిట్లు తినడానికి సృష్టించిన మధ్య మెట్టు అది.

మాకు అప్పగించిన పని ఒక ఫ్రెంచి వైన్ ఎస్టేట్‌ది. ద్రాక్షతోటలు, వాటి మధ్య పాతకాలపు కోట, కోట కింద నేలమాళిగ, అందులో ఓక్ చెక్క పీపాల్లో వైన్. ఆసియా అమ్మకాలన్నీ సింగపూర్ నుంచే కాబట్టి ఏ పీపాలో ఎంత ఉందో ఇక్కడివాళ్లకి కంప్యూటర్లో కనబడాలి. ఆ ప్రోగ్రాం నేనూ, డేటాబేసు చూసే గౌసూ కలిసి రాశాం. గౌస్ హైదరాబాదువాడు, సింగపూర్‌లో పాసిర్ రిస్ అనే పేటలో కాపురం. మేమిద్దరం వైన్‌ని విమానంలో పక్కసీటువాడి చేతిలో తప్ప చూసి ఎరగం. అయినా తాతల నాటి నుంచి ద్రాక్షలు తొక్కిన వంశాల్లో పుట్టినంత ధీమాగా రాశాం.

ప్రోగ్రాంలో ఒక నియమం ఉంది. రుచి చూడటానికి పీపాలోంచి తీసిన వైన్ లెక్కలోంచి తగ్గిపోతుంది. పీపాలో వెలితి ఉంటే గాలి తగిలి వైన్ చెడుతుంది కాబట్టి, వెలితి కాస్త హద్దు దాటగానే ప్రోగ్రాం ఆ పీపాని అమ్మకానికి ఆపేస్తుంది.

పరీక్షకి పెట్టగానే అది ఎస్టేట్‌లోని మేలైన పీపాలన్నిటినీ ఆపేసి కూర్చుంది. నేలమాళిగ పెద్ద ఒక ఆవిడ. అందరూ మదామ్ అంటారు. పీపాలన్నీ నిండుగానే ఉన్నాయి, తాగి ఉన్నది మీ ప్రోగ్రామేనని కబురు పెట్టింది. ఆవిడ సంతకం పడితేనే పని ఒప్పుకున్నట్టు. మా మేనేజర్ లింగ్ నన్ను పిలిచి, "ఆమె సైన్ చేస్తే నువ్వు ఉంటావ్. చెయ్యకపోతే నీ పాస్ క్యాన్సిల్ లా," అన్నాడు, చివర సింగపూర్ వాళ్ల 'లా' తగిలించి. పాస్ పోతే దేశం వదలాలి. యూ టీ అనే పేటలో ఫ్లాట్ అద్దెకి తీసుకుని, అమ్మాయిని అప్పుడే బళ్లో వేశాం. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ, "ఆవిడ సంతకం పెట్టేదాకా వాకిట్లోంచి కదలకండి. నేనైతే సామాను సర్దను," అని తేల్చేసింది.

నేనూ గౌసూ ఫ్రాన్స్ వెళ్లాం. ఆ కోట వంటింటి పొగగొట్టంలో మా బ్లాకు జనమంతా కాపురం పెట్టొచ్చు. సింహద్వారం తాళంచెవిని మొయ్యడానికే పూర్వం ఒక దళాన్ని పోషించి ఉంటారు. నేలమాళిగలో చలికి నా పళ్లు కొట్టుకుంటుంటే ఆ చప్పుడు బురుజుల దాకా వినబడింది.

మదామ్ గాజు గొట్టంతో పీపాలోంచి వైన్ తీసి గ్లాసులో పోసింది. గౌస్ గుండెల మీద చెయ్యి పెట్టుకుని, తమకు నడవదని మర్యాదగా తప్పుకున్నాడు. సంతకం కోసం వచ్చినవాణ్ణి, నేను తప్పుకోలేను. పరాయివాళ్ల గ్లాసు పెదవికి తగలకూడదన్నది పుట్టినప్పటి అలవాటు కాబట్టి, తలెత్తి పైనుంచి పోసుకున్నాను. నోట్లో పడింది కొంతే, మిగతా గోదావరి నా తెల్లచొక్కా మీదుగా పారింది. మదామ్ వచ్చీరాని ఇంగ్లీషులో, గుర్రానికి నీళ్లు పట్టడానికీ రుచి చూడటానికీ తేడా ఉందని చెప్పి, తనే చేసి చూపింది. ఇంకో గ్లాసు తీసి, పెదవికి ఆనించి ఒక గుక్క నోట్లోకి తీసుకుని, పుక్కిలించి బకెట్లో ఉమ్మింది. గ్లాసులో మిగిలింది తిరిగి పీపాలోనే పోసేసింది.

గౌస్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "యా అల్లా! రావ్ సాబ్, చూసిన్రా? ఎంగిలిది మల్ల అండ్లనే పోసింది!"

"మెల్లిగా గౌస్, వినబడుతుంది."

"ఆమెకు తెలుగొస్తదా ఏంది? సింగపూర్ల దొరలకు మనం అమ్మేది గిదేనా?"

మందలించబోయి ఆగిపోయాను. మా ప్రోగ్రాంలో తీసింది ఎక్కించే స్క్రీన్ ఉంది, తిరిగి పోసింది ఎక్కించే స్క్రీన్ లేదు. నోటిదాకా వెళ్లింది మళ్లీ పాత్రలోకి రాదన్నది మా ఇద్దరి ఇళ్లలోనూ ఎవరూ నేర్పకుండానే వచ్చిన సంగతి. అందుకే మేం అడగలేదు. ఎప్పుడూ ఇలాగే చేస్తారా అంటే మదామ్ నన్ను దుబారా మనిషిని చూసినట్టు చూసి, "మరి పారబొయ్యాలా?" అంది. ఆవిడకీ అది ఒకరికి చెప్పాల్సిన విషయంగా తోచలేదు.

భోజనాల గదిలో, గోడకి తగిలించిన దుప్పి తలకాయలు పర్యవేక్షిస్తుండగా కొత్త స్క్రీన్ రాశాం. ప్రోగ్రాం లోపల దానికి గౌస్ 'ఎంగిలి' అని పేరు పెట్టాడు. మదామ్ ఆ మాటేమిటని అడిగితే, "టెక్నికల్ టర్మ్, మేడమ్," అన్నాడు చెక్కుచెదరకుండా. ఆవిడ ఒక్కో పీపాకీ తిరిగి పోసింది చెబుతుంటే నేను ఎక్కించాను. ఆపేసిన పీపాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అమ్మకానికి వచ్చాయి. చివరిదాకా నిలబడి చూసి, మదామ్ ఒక పీపా మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. ఫోన్ చేస్తే లింగ్, "ఓకే. మండే ఆఫీసుకి రా," అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఉద్యోగం వదిలేదాకా నేను ఒక పద్ధతి మానలేదు. మీకేం కావాలని అడిగేముందు, ఆ పని చేసేవాళ్ల పక్కన ఒక పూట ఊరికే నిలబడి చూసేవాణ్ణి. అలవాటైపోయిన పనిని మనిషి విడిగా చెప్పడు. ఎదుటివాడు తన ఊహకి అందని పని గురించి అడగడు. టికెట్టు దండగని లింగ్ ప్రతిసారీ గొణిగేవాడు. నేను ప్రతిసారీ వెళ్లేవాణ్ణి.