చెంబు నీళ్లు

సాతంరాయిలో మేం కిరాయికున్న ఇంటి ఓనరక్క, ఎయిర్‌పోర్టుకు తిరిగే తన భర్త టాక్సీని ప్రెజర్ మిషన్‌తో కడిగేది. మోటారు ఆపాక నీళ్లు చిమ్మే గన్‌ను నేలవైపు తిప్పి, లోపలి నీళ్లన్నీ పోయేదాకా నొక్కి, అప్పుడే కింద పెట్టేది.

ఓ వానరోజు బురద కాళ్లతో వచ్చి, "అక్కా, జర నా కాళ్ల మీద కొట్టు" అన్నాను.

ఆమె మిషన్ ఆపి, గన్ ఖాళీ చేసి, చెంబుతో నీళ్లు తెచ్చింది.

"మిషన్ ఉండంగ చెంబెందుకక్కా?"

ఎప్పుడూ కొంగు చాటునుండే ఎడమచేయి చాపింది. చూపుడువేలు సగమే ఉంది.

"మోటర్ బంద్ జేసిన గదా అని గన్ మూతి తుడుస్తుంటె, గన్ల మిగిలిన నీళ్లు వేలి తోలు లోపటికి కొట్టినయి. సూది గుచ్చినట్టే అయింది, నెత్తురు గూడ రాలే. పసుపు పెట్టుకొని ఊకున్న. ఇగ దవాఖానకు పోయేసరికి వేలు నల్లబడ్డది."

నా పాదాల మీద నిదానంగా నీళ్లు పోసింది.

"చెంబు నీళ్లు బురద దాంకనే పోతయి, తమ్మీ."